అరుదైన రంగుల గులాబీలు, మిద్దె మీది కుండీలు

గులాబీకి నీలం రాదు. నలుపూ రాదు. ఈ రెండు మాటలూ ముందే చెప్పేసుకుంటే తక్కిన సంగతులు మాట్లాడుకోవడం తేలిక. ఎందుకంటే మన ఊళ్లలో వింత రంగు గులాబీ కావాలనేవాళ్లు చాలామంది మొదట అడిగేది ఈ రెండింటినే. దొరకకపోతే ఊరుకుంటారు. దొరికిందనుకుని ఇంటికి తెచ్చి, అది మామూలు గులాబి రంగులో పూసేసరికి మనసు విరిగి, నిజంగా దొరికే అరుదైన రంగుల వైపు చూడటమే మానేస్తారు. ఆ రంగులు తక్కువేమీ కావు. లేత ఊదా ఉంది, వంకాయ రంగు ఉంది, కాఫీపొడి రంగు ఉంది, చిలకపచ్చ ఉంది. ఒకే రెక్క మీద తెలుపూ ఎరుపూ చారలు పడేవి ఉన్నాయి. పసుపుగా విచ్చి, రాలేలోపు ఎర్రబారేవి ఉన్నాయి. వీటిలో చాలావాటిని డాబా మీద పన్నెండు అంగుళాల కుండీలో పూయించవచ్చు. పైగా మన ఎండల్లో నేలలో కంటే కుండీలోనే వీటి రంగు బాగా నిలుస్తుందని నా గట్టి నమ్మకం. అరుదైన రంగు మొక్కతో పాటు కొనుక్కొచ్చేది కాదు. సగం మొక్క ఇస్తుంది, తక్కిన సగం ఎండ, రాత్రి చలి, వేరు కింద నీళ్లు కలిసి చేస్తాయి. నేలలో నాటిన మొక్కకు ఆ మూడింటినీ మనం మార్చలేం. కుండీలో మార్చగలం.

ముందు రంగు ఎక్కడిదో చూద్దాం. గులాబీ రెక్కకు రంగునిచ్చేవి రెండు తెగల పదార్థాలు. మొదటివి ఆంథోసయనిన్లు. రెక్క కణాల లోపల ఉండే నీటిసంచుల్లో ఇవి కరిగి ఉంటాయి. గులాబి, ఎరుపు, ఊదా ఛాయలన్నీ వీటివే. రెండోవి కెరోటినాయిడ్లు. బంతిపువ్వుకూ క్యారెట్‌కూ రంగునిచ్చేవి ఇవే, పసుపు గులాబీకి కూడా ఇవే. ఆంథోసయనిన్లలో మళ్లీ మూడు ముఖ్యమైన రకాలున్నాయి. సయనిడిన్ గులాబీలకు పుట్టుకతో వచ్చింది. మన నాటు గులాబీ ఎరుపు దానిదే. పెలార్గోనిడిన్ కనకాంబరం రంగు ఇస్తుంది. డెల్ఫినిడిన్ అనే మూడోది శంఖుపువ్వు నీలానికి మూలం. దీన్ని తయారుచేసే ఎంజైము గులాబీలో లేదు. వందల ఏళ్లుగా ఎందరు ఎన్ని సంకరాలు చేసినా నీలం రాకపోవడానికి కారణం ఇదే. తల్లిలోనూ తండ్రిలోనూ లేనిదాన్ని సంకరం పుట్టించలేదు.

ఉన్న రంగులు కూడా ఒక్కసారిగా వచ్చినవి కావు. 18వ శతాబ్దం చివరిదాకా యూరప్ తోటల్లో ప్రధానంగా తెలుపు, గులాబి, కొంచెం ఊదా కలిసిన ఎరుపు రకాలే ఉండేవి. చైనా గులాబీలు చేరాకే నికార్సైన ఎరుపు, ఏడాదిలో పలుమార్లు పూసే గుణం అక్కడి మొక్కలకు వచ్చాయి. గాఢమైన పసుపు కోసం ఇంకో వందేళ్లు ఆగాల్సి వచ్చింది. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ పెర్నే-డ్యుషే పర్షియన్ పసుపు గులాబీతో ఏళ్ల తరబడి సంకరాలు చేసి, 1900లో 'సోలే దోర్' అనే రకాన్ని విడుదల చేశాడు. ఈనాటి పసుపు, రాగి, కాఫీ రంగుల గులాబీల వంశం వెనక్కి పట్టుకుంటూ పోతే దాదాపుగా ఆ పర్షియన్ మొక్క దగ్గరే తేలుతుంది. రంగుతో పాటు నల్లమచ్చ తెగులుకు లొంగిపోయే గుణం కూడా దానినుంచే వచ్చింది. వానాకాలంలో డాబా మీద ముందుగా ఆకు రాల్చేది పసుపు గులాబీయే కావడం యాదృచ్ఛికం కాదు. ఇక కనకాంబరం రంగు 1930 ప్రాంతంలో గుత్తులుగా పూసే పొట్టి పాలియాంథా గులాబీల్లో తనంతట తానుగా తలెత్తింది. జర్మనీలో కోర్డెస్ 1951లో ఇచ్చిన 'ఇండిపెండెన్స్', టాంటావ్ 1960లో ఇచ్చిన 'సూపర్ స్టార్' దాన్ని పెద్ద పువ్వులోకి తెచ్చాయి. 'సూపర్ స్టార్' పేరు మన దేశంలో పాతతరం గులాబీ పెంపకందారులకు బాగా తెలుసు. ఆ రోజుల్లో అది వింత రంగు. ఇప్పుడు ప్రతి బండి మీదా ఉండే రంగు.

నీలం కోసం మాత్రం ప్రయోగశాలకు పోక తప్పలేదు. జపాన్‌కు చెందిన సంటోరీ కంపెనీ, ఆస్ట్రేలియాకు చెందిన ఫ్లోరిజీన్ కలిసి 1990లో ఈ పని మొదలుపెట్టాయి. పాన్సీ పువ్వు నుంచి డెల్ఫినిడిన్ చేసే జన్యువు తీసి గులాబీలో పెట్టారు. 2004లో ఫలితాన్ని లోకానికి చూపించి, 2009లో 'అప్లాజ్' అనే పేరుతో జపాన్‌లో కోసిన పువ్వుగా అమ్మకానికి పెట్టారు. దాదాపు ఇరవై ఏళ్ల శ్రమ. గులాబీ రెక్కలో డెల్ఫినిడిన్ చేరింది, అది శాస్త్రంలో పెద్ద విజయం. కానీ ఆ పువ్వును చూసినవాళ్లు దాన్ని నీలం అనరు, లేత ఊదా అంటారు. గులాబీ రెక్క కణాల్లోని రసం పులుపు. ఆమ్లం ఎక్కువైన చోట డెల్ఫినిడిన్ కూడా ఎరుపు వైపే మొగ్గుతుంది. రంగు పదార్థం దొరికాక కూడా దాన్ని నీలంగా చూపించే ఇల్లు దొరకలేదన్నమాట. ఈ మొక్క మన నర్సరీల్లో లేదు. ఎవరైనా నీలం గులాబీ మొక్క అని చూపిస్తే అది ఊదా రకమైనా కావాలి, రంగు పట్టించిన తెల్ల గులాబీ అయినా కావాలి.

ఇక్కడ ఒక అపోహను తీసేయాలి. హైడ్రాంజియా పువ్వు మట్టిలోని ఆమ్లాన్ని బట్టి, అందులోని అల్యూమినియాన్ని బట్టి నీలంగానో గులాబిగానో పూస్తుంది. అది చూసి గులాబీ కుండీలో పటిక వేసేవాళ్లున్నారు, బట్టల నీలిమందు పోసేవాళ్లున్నారు. గులాబీకి ఆ గుణం లేదు. మట్టి ఆమ్లం మొక్క ఆరోగ్యాన్ని మారుస్తుంది, రెక్క కణంలోని రసాన్ని మార్చదు. నీలిమందు వల్ల వచ్చేది నీలం పువ్వు కాదు, పాడైన వేరు. ఏడు రంగుల ఇంద్రధనుస్సు గులాబీ సంగతీ అంతే. కోసిన తెల్ల గులాబీ కాడను నిలువుగా చీల్చి ఒక్కో పాయను ఒక్కో రంగు నీళ్లలో ముంచితే రెక్కలు ఆ నీళ్లను పీల్చుకుంటాయి. అది పూల అంగడి పనితనం, మొక్క కాదు. నెట్‌లో అమ్మే నీలి గులాబీ విత్తనాలు, నల్ల గులాబీ విత్తనాలు మరింత ఘోరం. తోట గులాబీలన్నీ కలగలిసిన వంశాలవి కాబట్టి విత్తనం వేస్తే తల్లి రంగు రాదు. అందుకే గులాబీని అంటు కట్టి గానీ కొమ్మ నాటి గానీ పెంచుతారు. విత్తనం పొట్లం మీద రంగు బొమ్మ వేసి ఉందంటే కొనకుండా ఉండటానికి ఆ ఒక్క కారణం చాలు.

నీలానికి దగ్గరగా వచ్చినవన్నీ ఊదాలే, వాటిని నేను మనసారా ఇష్టపడతాను. అమెరికాలో గ్లాడిస్ ఫిషర్ అనే ఆవిడ 1957లో ఇచ్చిన 'స్టెర్లింగ్ సిల్వర్' వెండిపూత పూసినట్టుండే లేత ఊదా. పెద్ద పువ్వు గులాబీల్లో ఈ రంగుకు దారి తీసింది అదే. 1960లలో టాంటావ్ ఇచ్చిన 'బ్లూ మూన్' మన దేశంలో ఇప్పటికీ ఎక్కువగా దొరికే ఊదా రకం. ముళ్లు తక్కువ, వాసన ఘనం, నిమ్మతొక్క కలిసిన తీపి వాసన. 'ఏంజెల్ ఫేస్' అంచులు అలలుగా ఉండే పొట్టి రకం, కుండీకి బాగా సరిపోతుంది. ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ కౌలిషా చేసిన 'రాప్సొడీ ఇన్ బ్లూ' విచ్చినప్పుడు వంకాయ రంగులో ఉండి, ముదిరేకొద్దీ బూడిద కలిసిన నీలం ఛాయకు తిరుగుతుంది. నీలానికి గులాబీ ఎంత దగ్గరగా రాగలదో చూడాలంటే ఆ మొక్కను చూడాలి. న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థలో పుట్టిన 'నీలాంబరి' మన సొంత ఊదా, గుత్తులుగా పూసే ఫ్లోరిబండా. అరుదైన రంగులకు వాసన ఉండదని ఒక మాట ఉంది. ఊదా గులాబీల విషయంలో అది తప్పు. జడలో పెట్టుకోవడానికైనా గదిలో పెట్టుకోవడానికైనా ఒక్క పువ్వు చాలేంత వాసన వీటిది. వీటి బలహీనత వేరే ఉంది. మొక్క సున్నితం, కొమ్మ ఎండు తెగులు తొందరగా పడుతుంది, మధ్యాహ్నం ఎండకు రెక్క అంచులు మాడతాయి.

నల్ల గులాబీ అంటే ముదురు ఎరుపే. సయనిడిన్ మోతాదు బాగా పెరిగి, రెక్క పైపొరలోని కణాలు మొనదేలి మఖమల్‌లా కాంతిని మింగేసినప్పుడు మన కంటికి నల్లగా కనిపిస్తుంది. 1963 నాటి 'పాపా మేయాన్', కోసిన పూల వ్యాపారం కోసం ఫ్రాన్స్‌లో మేయాన్ కుటుంబం చేసిన 'బ్లాక్ బకారా' ఈ కోవలో పేరున్నవి. టర్కీలోని హల్ఫెతి ఊళ్లో మాత్రమే పూసే నల్ల గులాబీ కథ ఫోన్లలో బాగా తిరుగుతుంది. అది కూడా ముదురు ఎరుపే. నల్ల ఛాయ నిలవాలంటే చల్లని రాత్రులు కావాలి. 'పాపా మేయాన్' వాసనకు నేను ఎంత చెప్పినా తక్కువే, అయితే మన కోస్తా ఉక్కలో అది బూడిద తెగులుతోనూ ఎండు తెగులుతోనూ పోరాడుతూనే బతుకుతుంది. తొలి గులాబీగా దాన్ని ఎవరికీ చెప్పను.

కాఫీ రంగు దగ్గర మనవాళ్ల పేరు ముందు చెప్పాలి. బెంజమిన్ పియరీ పాల్ గోధుమ శాస్త్రవేత్త. భారత వ్యవసాయ పరిశోధనా మండలికి 1965లో తొలి డైరెక్టర్ జనరల్ అయినవాడు. గోధుమలో తుప్పు తెగులును తట్టుకునే రకాల కోసం పనిచేసిన ఆయన, ఆ పని మధ్యలోనే గులాబీలను సంకరం చేస్తూ వచ్చాడు. 1966లో ఆయన రాసిన 'ది రోజ్ ఇన్ ఇండియా' మన వాతావరణంలో గులాబీ గురించి ఇప్పటికీ తిరగేయదగిన పుస్తకం. ఆయన నాటిన ఆసక్తి వల్ల ఢిల్లీ సంస్థలో వచ్చిన రకాల్లో 'మోహిని' ఒకటి. చాక్లెట్ గోధుమ రంగు ఫ్లోరిబండా. పసుపు కెరోటినాయిడ్ల మీద ఎరుపు, ఊదా ఛాయల ఆంథోసయనిన్లు పరుచుకుంటే ఈ రంగు వస్తుంది. విదేశీ రకాల్లో 1976 నాటి 'జూలియాస్ రోజ్' రాగికీ పాత కాగితానికీ మధ్య రంగు. అమెరికాలో టామ్ కారుత్ చేసిన 'హాట్ కోకో' ఇటుక కలిసిన కాఫీ రంగు, మొక్క గట్టిది. ఈ గోధుమ రంగులకు ఎండాకాలంలో అర్థం ఉండదు. ఏప్రిల్లో 'మోహిని'ని చూసినవాడు ఇదేం రంగు, వాడిన కనకాంబరం అనుకుంటాడు. అదే మొక్కను డిసెంబరు చివర్లో, మంచు పడ్డ పొద్దున చూడాలి.

చారల గులాబీలు చాలా పాతవి. 'రోజా ముండి' అనే ఫ్రెంచి గాలికా రకం 16వ శతాబ్దం నుంచీ తెలిసినదే. ఒక మామూలు గులాబి రంగు మొక్క మీద తనంతట తాను మారిన కొమ్మ అది. రంగు జన్యువు ఒక కణంలో పనిచేస్తూ పక్క కణంలో ఆగిపోతే చార పడుతుంది, అందుకే ఏ రెండు పువ్వులూ ఒకేలా ఉండవు. ఇలా మారడాన్ని మన శాస్త్రవేత్తలు కావాలని తెప్పించారు కూడా. 'కిస్ ఆఫ్ ఫైర్' అనే రకానికి గామా కిరణాలు పట్టించి 'అభిసారిక' అనే చారల గులాబీని, 'గుల్జార్' అనే రకాన్ని రసాయనంతో మార్చి 'మదహోష్' అనే మరొకదాన్ని ఢిల్లీ సంస్థ తీసింది. చారల మొక్క ఇంట్లో ఉంటే ఒక్కటి గమనించాలి. ఏదో ఒక కొమ్మ చారలు మాని ఒకే రంగులో పూయడం మొదలుపెడుతుంది. ఆ కొమ్మ మిగతావాటికంటే బలంగా ఎదుగుతుంటే జాలిపడకుండా మొదలంటా తీసేయాలి. లేకపోతే రెండేళ్లలో మొక్కంతా అదే అవుతుంది.

పచ్చ గులాబీ ఒక్కటే వేరే తెగ. అది చైనా గులాబీలో పుట్టిన ఒక మార్పు. అందులో రెక్కలు రెక్కలుగా ఏర్పడక, మొగ్గను కప్పి ఉంచే ఆకుపచ్చ రక్షక పత్రాల్లాగే తయారవుతాయి. 19వ శతాబ్దం మధ్య నుంచి తోటల్లో ఉంది. విత్తనం కట్టదు, మిరియాల వంటి ఘాటు తప్ప గులాబీ వాసన లేదు, అందం అంటే ఏమిటో తేల్చుకోమని మనల్నే అడుగుతుంది. కానీ పువ్వు వారాల తరబడి వాడదు, ముదిరితే రాగి రంగు కమ్ముతుంది, ఎండకు వెరవదు, కుండీలో చక్కగా ఉంటుంది. అరుదైన రంగు కావాలి, కష్టం వద్దు అనేవాళ్లకు నేను మొదట చెప్పే మొక్క ఇదే. రంగు మార్చుకునేవాటిలో 1949 నాటి 'మాస్కరేడ్' పసుపుగా విచ్చి గులాబి మీదుగా ఎరుపుకు పోతుంది, ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. పువ్వు మధ్యలో కాటుక దిద్దినట్టు ఎర్రని మచ్చ ఉండే కొత్త రకాలు ఇరాన్, మధ్య ఆసియా ఎడారి మొక్క రోజా పెర్సికా నుంచి వచ్చాయి. మన దగ్గర అవి ఇంకా అరుదు.

'డబుల్ డిలైట్' గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న సంగతికి అదే మంచి సాక్ష్యం. 1977 నాటి ఈ గులాబీ మీగడ రంగులో విచ్చి, ఎండ తగిలిన అంచుల నుంచి ఎరుపెక్కుతుంది. ఆ ఎరుపు పుట్టడానికి సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు కావాలి. గాజు కప్పు కింద పెంచితే పువ్వు మీగడ రంగులోనే ఉండిపోతుంది. ఒకే మొక్క, ఒకే జన్యువులు, కాంతి మారితే పువ్వు మారింది. వేడి సంగతి ఇంకా ముఖ్యం. వేడి పెరిగినప్పుడు రెక్కల్లో ఆంథోసయనిన్ తయారీ తగ్గుతుంది, తయారైనది తొందరగా విరిగిపోతుంది. రాత్రి చల్లగా ఉంటే రంగు నిలుస్తుంది. ఊటీలో 1995లో పెట్టిన ప్రభుత్వ గులాబీ తోటను చూసి, అక్కడి ముదురు రంగులకు మురిసి మొక్కలు కొనుక్కొచ్చిన తెలుగు కుటుంబాలెన్నో. విజయవాడలోనో రాజమండ్రిలోనో అవి వెలిసిపోయి పూస్తే మోసపోయామనుకుంటారు. మోసం ఏమీ లేదు, రాత్రి మారింది. మదనపల్లె, అరకు, కొంతవరకు హైదరాబాద్ ఎత్తు మీద ఉన్న ఊళ్లు కాబట్టి చలికాలంలో వాటికి ఆ లాభం కొంత దక్కుతుంది. కోస్తా మైదానంలో నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా దక్కే రాత్రులే మన పెట్టుబడి. అరుదైన రంగుల పూత అంతా ఆ రెండున్నర నెలల్లోకి వచ్చేలా పని చూసుకోవాలి.

ఇక కుండీ. స్థలం లేక కుండీలో పెంచుతున్నాం అని చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది, గులాబీ చరిత్రలో కుండీకి ఉన్న చోటు చాలా పెద్దది కాబట్టి. యూరప్ గులాబీని మార్చేసిన చైనా రకాలు అడవిలో దొరికినవి కావు. కాంటన్ నగరం పక్కన ఫా టీ నర్సరీల్లో కుండీల్లో అమ్మకానికున్న తోట మొక్కలవి. వాటిలో కొన్ని కలకత్తా మీదుగా ఓడల్లో వెళ్లాయి. అందుకే వాటికి బెంగాల్ గులాబీలు అనే పేరు కూడా అంటుకుంది. ఈనాటి చిట్టి గులాబీల చరిత్రలోనూ కుండీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రూలే అనే సైనిక వైద్యుడు స్విట్జర్లాండ్ పల్లెల్లో కిటికీ గట్టు మీది చిన్న కుండీల్లో జానెడు గులాబీలు చూసి, ఆ సంగతి ఆంరి కొర్రెవోన్ అనే వృక్షప్రేమికుడికి చెప్పాడు. ఆ మొక్క తోటల్లోకి వచ్చాకే చిట్టి గులాబీల పెంపకం మళ్లీ ఊపందుకుంది. కాలిఫోర్నియాలోని విసేలియాలో రాల్ఫ్ మూర్ జీవితాంతం వాటి మీదే పనిచేసి, 1975లో 'స్టార్స్ అండ్ స్ట్రైప్స్' అనే చారల చిట్టి గులాబీ ఇచ్చాడు. వింత రంగు కావాలి, జాగా రెండు అడుగులే ఉంది అంటే చిట్టి గులాబీలే దారి. ఎనిమిది అంగుళాల కుండీ చాలు.

పెద్ద పువ్వు రకాలకూ ఫ్లోరిబండాలకూ పన్నెండు అంగుళాల వెడల్పు, అంతే లోతు కావాలి. తడిసిన మట్టితో అది ఇరవై కిలోలు దాటుతుంది కాబట్టి పాత మిద్దె మీద గోడల వెంట, దూలాల మీదుగా పెట్టుకోవడం మంచిది. మట్టి కుండీ గాలి పీల్చుతుంది, వేరును చల్లగా ఉంచుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ మే నెలలో వేరును ఉడకబెడుతుంది, దాన్ని వాడక తప్పకపోతే తెల్ల సున్నం పూయాలి, లేదా గోనెపట్టా చుట్టాలి. కుండీని నేరుగా స్లాబు మీద పెట్టకుండా ఇటుకల మీదో ఇనుప స్టాండు మీదో ఎత్తి పెడితే కింద గాలి ఆడుతుంది, నీళ్లు నిలవవు, స్లాబు వేడి ఎక్కదు. మట్టి కోసం రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కడిగిన కొబ్బరిపొట్టు గానీ ఏటి ఇసుక గానీ, గుప్పెడు వేపపిండి, గుప్పెడు ఎముకల పొడి. కొబ్బరిపొట్టును కడగకుండా వాడితే అందులోని ఉప్పు మొక్కను తినేస్తుంది. నర్సరీ కవర్లో వచ్చే మొక్క వేరు చుట్టూ తరచుగా జిగురు బంకమట్టి గడ్డ ఉంటుంది. దాన్ని అలాగే కుండీలో దించితే చుట్టూ ఉన్న మట్టి తడిసినా గడ్డ లోపల వేరు ఎండిపోతుంది. బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి, అంచులు మెల్లగా వదులు చేసి నాటాలి.

మన మిద్దెల మీద గులాబీకి అసలు శత్రువు నీళ్లు. హైదరాబాద్‌లోనూ రాయలసీమలోనూ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గులాబీకి ఇష్టమైన మట్టి కొద్దిగా పులుపు, ఉదజని సూచిక 6 నుంచి 6.5 మధ్య. నెలల తరబడి బోరు నీళ్లు పోస్తే కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. కొత్త ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైపోతుంది. మట్టిలో ఇనుము ఉండి కూడా వేరు దాన్ని తీసుకోలేకపోతోందని దాని అర్థం. ఇలాంటి మొక్క ఊదా పువ్వు పూస్తే అది ఊదాగా ఉండదు, కడిగేసిన గుడ్డలా ఉంటుంది. లీటరు నీటికి రెండు మూడు గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి చల్లపొద్దున ఆకుల మీద చల్లితే రెండు వారాల్లో కొత్త చిగురు పచ్చబడుతుంది. నెలకోసారి కుండీ అడుగునుంచి బాగా కారేదాకా మంచినీళ్లో వాననీళ్లో పోసి ఉప్పు కడిగేయాలి. వానాకాలంలో రెండు డ్రమ్ముల వాననీళ్లు పట్టి మూతపెట్టి ఉంచుకోవడం అరుదైన రంగుల కోసం చేయగల అతి చవకైన పని. నేలలో మొక్కకు ఈ దిద్దుబాటు చేయాలంటే ఎకరం మట్టిని మార్చాలి, కుండీకి ఒక బకెట్ చాలు.

కత్తిరింపుల కాలమే పూత కాలాన్ని నిర్ణయిస్తుంది. తెలంగాణలో, రాయలసీమలో అక్టోబరు రెండో మూడో వారంలో కత్తిరిస్తే ఆరేడు వారాలకు, అంటే రాత్రులు చల్లబడే వేళకు తొలి మొగ్గలు విచ్చుతాయి. కోస్తాలో తుఫాను వానలు వెళ్లాక, నవంబరు మొదట్లో చేయడం మేలు. తడి గాలిలో కోసిన కొమ్మ చివర నుంచి నల్లబడుతూ కిందికి ఎండుతుంది. ఊదా రకాలకు ఇది ప్రాణాంతకం. కోసిన ప్రతి చివరా కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయాలి. రెండేళ్లకోసారి ఇదే సమయంలో మొక్కను కుండీ నుంచి తీసి, చుట్టూ అంగుళం మందాన వేళ్లు చెక్కి, కొత్త మట్టితో మళ్లీ నాటాలి. ఎండాకాలం మొదలవగానే కుండీలను తూర్పు వైపుకు జరపాలి, పొద్దున ఎండ పడి మధ్యాహ్నం గోడ నీడ పడేలా. గోడ లేకపోతే సగం ఎండను ఆపే షేడ్ నెట్. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే మొగ్గల్ని తుంచేస్తే మొక్క బలం మిగులుతుంది. ఆ నెలల్లో రంగు ఎలాగూ రాదు, పువ్వు కోసం మొక్కను పిండటం ఎందుకు? తామర పురుగులు మాత్రం ఆ కాలంలోనే వస్తాయి. లేత రంగుల రెక్కల మీద వాటి గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మొగ్గ విప్పి తెల్ల కాగితం మీద తడితే సన్నని పురుగులు రాలతాయి. నీలి జిగురు అట్టలు వేలాడదీసి, వేపనూనె చల్లుతూ ఉంటే అదుపులో ఉంటాయి. పూర్తిగా పోవు.

రంగు మారిపోయిందనే ఫిర్యాదు గురించి ఒక మాట. ఊదా అని తెచ్చాం, రెండేళ్లకు చిన్న గులాబి రంగు పూలు పూస్తోంది అంటారు. అమ్మినవాణ్ణి తిట్టేముందు మొదలు చూడాలి. మన గులాబీలు రోజా ఇండికా ఒడోరాటా, మల్టీఫ్లోరా వంటి గట్టి వేరు మొక్కల మీద కన్ను అంటు కట్టినవి. పై మొక్క నీరసించినప్పుడు అంటు కింద నుంచి వేరు మొక్క కొమ్మలు పైకి వస్తాయి. ఆకు తీరు వేరుగా ఉంటుంది, ఎదుగుదల జోరుగా ఉంటుంది, ఆ జోరు చూసి మురిసి మనం దాన్నే పెంచుతాం. సున్నితమైన అరుదైన రకాల్లోనే ఇది ఎక్కువ జరుగుతుంది. కుండీలో అంటు ముడి మట్టికి పైన కనిపించేలా నాటితే కింద నుంచి వచ్చే ప్రతి చిగురునూ వారం లోపే పట్టుకుని మొదలంటా లాగేయవచ్చు.

మన వేడికి తగిన గులాబీలను ఇక్కడే చేయాలని పట్టుబట్టినవాళ్లలో ఎం.ఎస్. వీరరాఘవన్ ఒకరు. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ ఉద్యోగం ముందే వదులుకుని, భార్య గిరిజతో కొడైకెనాల్‌లో స్థిరపడి, బెంగాల్ చిత్తడి నేలల్లో పెరిగే రోజా క్లినోఫిల్లాతోనూ, మణిపూర్ కొండల్లోని రోజా జైగాంటియాతోనూ సంకరాలు చేశారు. చలిదేశపు వంశాలతో నిండిన గులాబీలోకి ఉష్ణదేశపు వేరును తేవడం ఆ పని సారం. వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరుతో వాళ్లు పెట్టిన పసుపు గులాబీ ఆ తోటదే. ఈ దారిలో వచ్చే ఊదా, కాఫీ రంగులు మైదానంలో ఏప్రిల్ ఎండకూ నిలబడాలి. అది ఇంకా జరగాల్సిన పని. అందాకా చేతిలో ఉన్నవాటిని పోగొట్టుకోకూడదు. 'మోహిని', 'నీలాంబరి' వంటి మన రకాలు నర్సరీల్లో అడిగితే దొరకడం కష్టం. కారణం మొక్క అంతరించడం కాదు, పేరు అంతరించడం. కడియం నుంచి హైదరాబాద్ శివార్ల దాకా గులాబీని రంగు చెప్పి అమ్ముతున్నారు, పేరు చెప్పి కాదు. ఎరుపు, పసుపు, ఊదా, రెండు రంగులు, అంతే. పేరు తెలియని మొక్క చనిపోతే మళ్లీ ఫలానాదే కావాలని అడగలేం. తల్లి మొక్కలను పేరుతో, చేసినవారి పేరుతో, అంటు కట్టిన వేరు మొక్క పేరుతో వేరుగా ఉంచే నర్సరీలు మనకు కావాలి. కొనేవాళ్లు పేరు అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లు రాయడం మొదలుపెడతారు. ఈ చలికాలం కొన్న ప్రతి మొక్కకూ అల్యూమినియం రేకు ముక్క మీద మొల మొనతో పేరు, కొన్న నెల గీసి రాగి తీగతో కొమ్మకు వదులుగా కట్టండి. సిరా ఎండకు పోతుంది, గీత పోదు.